ఎవరిస్తో ఛాతీ పట్టీ

సైకిల్ పిచ్చోడు ఎవరిస్తోకి ఏది మొరాయించినా కొట్టడం ఒక్కటే తెలుసు. గేరు పడకపోతే బొయాకా ప్రాంతపు కొండ రోడ్డు మీదే దిగి సైకిల్ని తంతాడు. వెంటపడిన కుక్కని గాలిపంపుతో బాదుతాడు. గుండెపోటు వచ్చిన రోజు కూడా తన ఛాతీని తనే గుద్దుకున్నాడట. ఆ తర్వాత డాక్టరు ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ కట్టించి, అది నూట యాభై దాటితే సైకిల్ దిగిపోవాలి, లేదంటే సైకిలే మానెయ్యాలి అన్నాడు. ఆ పట్టీ రోజూ మొదటి మలుపులోనే హ్యాండిల్ మీది తెరలో రెండొందల పది చూపించేది. "అబద్ధాలకోరుదానా!" అని అరుస్తూ దాన్ని గుద్దీ గుద్దీ ఛాతీ కమిలిపోయింది. నిన్నయితే పట్టీ విప్పి, నలగ్గొడదామని రాయి ఎత్తాడు. వెనకే తొక్కుకుంటూ వచ్చిన కూతురు యమిలే ఆ పట్టీ లాక్కుంది. చేతికి జిగురుగా తగిలితే వేలు నాకి చూసింది.

"తియ్యగా ఉందేంటి నాన్నా?"

"తడిపి కట్టుకోమన్నారుగా! తొక్కేటప్పుడు తాగే సీసాలోవి పోశా."

"బెల్లం నీళ్లా! గుండెకి పాకం పట్టారా తమరు? ఎండి పెంకు కట్టింది, దానికింకేం తెలుస్తుంది?"

మంచినీళ్లతో కడిగి కట్టగానే నూట పద్దెనిమిది చూపించింది. ఎవరిస్తో పగలబడి నవ్వి, పళ్లు బిగించి పైకి తొక్కాడు. కొండ కొసన శిలువ కనబడుతుండగా నూట యాభై రెండు పడింది. పిడికిలి లేచింది కానీ ఈసారి పట్టీ మీద పడలేదు. దిగి, సైకిల్ని రోడ్డు పక్క కాలవలోకి ఒక్క తన్ను తన్నాడు. తర్వాత బూతులు తిడుతూ తనే దాన్ని పైకి లాగి, నెమ్మదిగా నడిపించుకుంటూ శిలువ దాకా వెళ్లాడు.