గేటు దగ్గర ఆగిన ఇంజన్

రిటైరైతే హాయిగా నిద్రపోవచ్చని అందరూ అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో గూడ్సు బండి నడిపినవాడు ఒక్కడూ లేడు. ఏ వేళకు పిలుపొస్తే ఆ వేళకు లేచి, ఎక్కడ దింపితే అక్కడ పడుకుని, ఉద్యోగమంతా అలా గడిపిన ఒంటికి పగలేదో రాత్రేదో తెలియదు. కాజీపేటలో మా ఇంటికి జంక్షన్ చప్పుడు బాగానే వినపడుతుంది. మంచం మీద వాలితే చాలు, ఏ బండి బొగ్గుతో పోతోందో, ఏది ఖాళీగా వస్తోందో చెవులు వాటంతటవే లెక్క కడతాయి. ఇప్పుడది నాకెందుకు? అయినా వింటాను. విని, లేచి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటాను.

మా ఇంట్లో కూర్చునేది నేనొక్కణ్ణే. నా భార్య కూర్చోదు. అన్నం కూడా వంటగట్టు పక్కన నిలబడి, ప్లేటు చేత్తో పట్టుకుని తింటుంది. టేబుల్ కొన్నాం, కుర్చీలు కొన్నాం. వాటి మీద మడతపెట్టాల్సిన బట్టలు కూర్చుంటాయి. "జర కూసోని తినరాదు?" అంటే, "కూసుంటె మల్ల లేవబుద్ధి గాదు," అంటుంది. పెళ్ళయిన కొత్తలోనూ ఇదే జవాబు. విని విని నేను అడగడం మానేశాను.

రిటైరైన కొన్నాళ్ళకే ఒక సంగతి బయటపడింది. మాకు మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. డ్యూటీ ఉన్నన్నాళ్ళూ మాటలకు కొదవ లేదు: ఎప్పుడు పోతావు, ఎప్పుడొస్తావు, టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలి, పిల్ల ఫీజు కట్టాలా. అవన్నీ ఒక్కసారిగా అయిపోయాయి. నల్లా వచ్చిందా, సిలిండర్ అయిపోవచ్చిందా, అంతే మిగిలింది. పోట్లాడుకుందామన్నా విషయం దొరకలేదు. ఇద్దరం అలసిపోయి ఉన్నాం, ఆ అలసటను ఒకరికొకరు చెప్పుకోవడం రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే ఉంటుంది కనుక అదీ చెప్పుకోలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బిడ్డ నా రిటైర్మెంటుకు ఒక చిన్న రైలు ఆన్‌లైన్‌లో తెప్పించి పంపింది. జానెడు డీజిల్ ఇంజన్, నాలుగు గూడ్సు వ్యాగన్లు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. మొదటిరోజు సంబరంగా నేలమీద పరిచి తిప్పాను. రెండోరోజు తల తిరిగింది. ఒక్కచోటి నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, మళ్ళీ అక్కడికే. ఈ పని నేను జీతం తీసుకుని చేశాను, ఇప్పుడు ఊరికే చేయమంటే ఎలా?

ఎక్కడికీ పోని రైలు కావాలనిపించింది. ఫ్యాక్టరీ సైడింగ్ ఉంటుంది కదా, మెయిన్ లైను నుంచి విడిపోయి కర్మాగారం లోపలికి పోయి అక్కడితో ఆగిపోయే పట్టా. దాని మీద బండి ప్రయాణం చెయ్యదు. ఒక డబ్బాను ఇక్కడి నుంచి తీసి అక్కడ పెడుతుంది, అక్కడిది తీసి ఇక్కడ పెడుతుంది. దాన్నే షంటింగ్ అంటాం. అదయితే మంచమంత స్థలం కూడా అక్కర్లేదు.

ఏ ఫ్యాక్టరీ అన్న ప్రశ్న రాలేదు. నా భార్య పుట్టింది వరంగల్‌లో మిల్లు కాలనీలో. వాళ్ళ బాపు బట్టల మిల్లులో కార్మికుడు. మా పెళ్ళి నాటికే ఆయన లేడు, కొన్నేళ్ళకు మిల్లూ మూతపడింది. నేను ఇంజన్ ఎక్కే నాటికి ఆ సైడింగ్ పట్టాల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. నేను ఎన్నడూ బండి తీసుకుపోని సైడింగ్ అది. ఆ మిల్లు కడితే ఆమె వచ్చి చూస్తుంది, చూస్తే ఒక మాటంటుంది, ఆ మాట మీద ఇంకో మాట నడుస్తుంది. నా ఆశంతా అదే. బొమ్మ రైలు మీద మోజని బంధువులు నవ్వారు. నవ్వుకోనీ.

పలక దగ్గరే చిక్కొచ్చింది. మా ఇంట్లో ఉన్న మంచి ప్లైవుడ్ పలక ఒక్కటే. ప్రతి క్రిస్మస్‌కు బాలయేసు పుట్టిన పశువుల పాకను నా భార్య దాని మీదే కడుతుంది. రంగు పూసిన రంపపుపొట్టు, మొలకెత్తిన ఆవాలు, గొర్రెల బొమ్మలు, అంతా ఆమె చేతి పనే. నేను చాలా క్రిస్మస్‌లు బల్లార్ష లైన్లో బండి మీదే చేశాను.

"పలక తీస్కో," అంది. "డిసెంబర్ వడంగనే నాది నాకియ్యాలె."

"ఏం కడుతున్ననో అడుగవా?"

"రైలే గదా. బతుకంత ఆ కూతలే ఇన్న. ఇంట్ల గూడ రైలేనా? ముసలోనికి దసరా పండుగ!"

పక్కగదిలో రెండు స్టూళ్ళ మీద పలక పెట్టాను. ఆ రోజు నుంచి ఆమె ఆ గదిలో అడుగుపెట్టడం మానేసింది. చీపురు కూడా గుమ్మం దగ్గరే ఆగేది.

పని మొదలుపెట్టాక తెలిసింది, కన్నూ వేలూ కూడా రిటైరయ్యాయని. ఒక పట్టా ముక్క అతికించి తలెత్తేసరికి మెడ పట్టేసేది. వ్యాగన్ల మధ్య కొక్కెం ఒకటి చేజారి కిందపడితే, దాన్ని వెతకడానికి వంగి, దొరికాక లేవలేక, నేలమీదే కాసేపు పడుకున్నాను. అరగంట పని, గంట పడక. అలా సాగింది. అట్టపెట్టెలు కోసి గోడలు చేశాను. జాజుతో ఇటుకలు గీశాను. పాత మిల్లుల కప్పు రంపం పళ్ళలా ఉంటుంది కదా, అది మూడుసార్లు కూలింది. ప్లంబర్ వదిలిపోయిన పైపు ముక్క పొగగొట్టమైంది. మందుల షాపు దూదిని చిన్నచిన్న పత్తి బేళ్ళుగా చుట్టి, గోనె పీచుతో కట్టాను. చాయ్ డికాక్షన్ పూస్తే పట్టాలకు తుప్పు రంగు వచ్చింది. ఇసుక జల్లించి కంకరగా పోశాను.

పలక మాత్రం నా మాట వినలేదు. ఎన్నో వానాకాలాలు తడిగోడకు ఆనించి ఉంచడంతో ఒకవైపు వంగిపోయింది. పత్తి గోదాం దగ్గర వ్యాగన్ నిలబెడితే అది తనంతట తాను మిల్లు గేటు వైపు జారిపోయేది. స్టూలు కాళ్ళ కింద అట్టలు పెట్టాను. అటు సరిచేస్తే ఇటు జారేది. విసుగొచ్చి వారం రోజులు ఆ గది తలుపు నేనూ తీయలేదు. ఇంజన్ తగిలి ఉంటే వ్యాగన్ ఆగుతుంది కదా, ఇంజన్‌నే అక్కడ నిలబెడతాను అనుకుని, ఆ సంగతి అలాగే వదిలేశాను.

మధ్యమధ్యలో వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళి అడిగేవాణ్ణి. "గోదాం తలుపులు ఏ రంగుండె?"

"యాదికి లేదు."

"పట్టా గోదాం ముంగటికి వోయేదా, పక్కకు వోయేదా?"

"కూర మాడుతాంది. తర్వాత అడుగు."

తర్వాత అడిగితే బట్టలు ఆరేయడానికి మేడెక్కి ఉండేది. బిడ్డ ఫోన్ చేసి, "అమ్మకు సూపెట్టినవా నాన్నా?" అంటే, "మీ అమ్మ సూస్తలేదు బిడ్డా," అనేవాణ్ణి. చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు ఆ మాట నా నోట్లోంచి వచ్చేది. సిగ్గేసినా ఆపుకోలేకపోయేవాణ్ణి.

ఇక ఎవరినీ అడగకుండా నాకు తెలిసిన లెక్కన కట్టాను. సిమెంటు ఫ్యాక్టరీ, బొగ్గు గని, కరెంటు ప్లాంటు, ఏ సైడింగ్‌కు పోయినా ఇంజన్ లోపలిదాకా పోతుంది, లోడు పెడుతుంది, వస్తుంది. మిల్లయినా అంతే కదా. పట్టాను గేటు గుండా సరాసరి గోదాం అరుగు దాకా వేశాను.

డిసెంబర్ వచ్చింది. మొదటి ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకుని, బకెట్‌లో నీళ్ళు, తడిబట్ట పట్టుకుని ఆమె ఆ పక్కగదిలోకి వచ్చింది. పలక కడగడానికి వచ్చింది. ఇన్ని నెలల పని ఆ తడిబట్ట కింద పోతుంది. పోతే పోనీ, పోయేముందు ఒక్కసారి చూస్తే చాలు.

ఆమె బకెట్ కింద పెట్టి నిలబడిపోయింది. పొగగొట్టం చూసింది. రంపపు పళ్ళ కప్పు చూసింది. వంగి, గోనె పీచుతో కట్టిన బేలును ముట్టుకుంది. నేను ఆగలేకపోయాను. స్విచ్ నొక్కాను. ఇంజన్ ఒక వ్యాగన్‌ను తోసుకుంటూ గేటు దాటి గోదాం దాకా పోయి ఆగింది. ఎంత మెత్తగా ఆపానో! ఉద్యోగంలో ఇంత మెత్తగా ఎన్నడూ ఆపలేదు.

"ఇంజన్ లోపటికెందుకు వోయింది?" అంది.

"పోకుంటే వ్యాగన్ ఎట్ల వోతది?"

"ఇంజన్ లోపటికి రాకపోయేది."

నాకు మండింది. ఇన్నాళ్ళు చూడకుండా ఉండి, చూసీచూడగానే తప్పు పడుతుందా! "బతుకంత ఇంజన్ నడిపిన మనిషిని నేను. నాకు చెప్తానవా?"

"నువ్వు నడిపినవ్. నేను అక్కడ పుట్టిన," అంది. గొంతు పెంచలేదు. "అప్పుడు బొగ్గింజన్లు. లోపట అంత పత్తి. ఒక్క నిప్పురవ్వ వడితే ఏముంటది? డబ్బాలు గేటు కాడ ఇడిసిపెట్టి ఇంజన్ ఎనుకకు వోయేది. అక్కడిసంది మనుషులే నూకేది. మా బాపు నూకేటోడు."

వాళ్ళ నాన్న మిల్లులో మగ్గం దగ్గరో, నూలు దగ్గరో పనిచేశాడని నేను అనుకుంటూ వచ్చాను. మిల్లు పని అంటే అదే కదా అనుకున్నాను. "మరి ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాను.

"నువ్వు ఇంటికచ్చేదే పండుకునేటందుకు. నిద్రవోయేటోన్ని లేపి చెప్పాల్నా?"

గోదాం తలుపు రంగు అడిగితే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆమె తనంతట తానే చెబుతోంది, నాకు అదే కావాలి.

బడి లేని రోజుల్లో తండ్రికి సద్ది పట్టుకుని గేటు దాకా వెళ్ళేదట. ఆయన భుజం ఆనించి నూకేవాడు. ఆ భుజం మడిమ లెక్క గట్టిపడిందట. గోదాం వైపు కొంచెం ఎత్తు. అందుకే వ్యాగన్ చేరినా చెయ్యి తీయడానికి లేదు, తీస్తే వెనక్కి వచ్చి మీద పడుతుంది. చక్రం కింద రాయి పెట్టేదాకా పట్టుకునే ఉండాలి. "రాయి పెట్టిన్రా?" అని అరిచేవాడు. "పెట్టినం" అని అవతలి నుంచి వినపడ్డాకే చెయ్యి తీసేవాడు. అప్పుడు గేటు దగ్గరకు వచ్చి సద్ది విప్పుకునేవాడు.

"నిలవడే తినేటోడు," అంది. "కూసో బాపూ అంటే, కూసుంటె మల్ల లేవబుద్ధి గాదు బిడ్డా, ఇంకో డబ్బా ఉన్నది అనేటోడు."

ఇంజన్‌ను వెనక్కి నడిపించి, గేటు బయటికి తీసుకొచ్చి ఆపాను. కొక్కెం విప్పి, వ్యాగన్‌ను గేటు దగ్గర వదిలేశాను. ఆమెకు చోటిచ్చి పక్కకు జరిగాను.

ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంది. చూపుడువేలు వ్యాగన్ వెనక ఆనించి, మెల్లగా నూకింది. వ్యాగన్ గేటు దాటింది, పొగగొట్టం దాటింది, గోదాం అరుగు చేరింది. పలక వంకర సంగతి ఆమెకు నేను చెప్పలేదు. కానీ వేలికి తెలిసింది.

"ఎనుకకు వత్తాంది," అంది. "రాయి వెట్టు."

కంకరగా పోసిన ఇసుక రేణువులు పనికిరాలేదు, చక్రం వాటి మీదుగా దొర్లింది. జల్లెడలో మిగిలిన గులకరాళ్ళు కిటికీ మీద ఉన్నాయి. వాటిలో ఒకటి ఏరి, కళ్ళద్దాలు సర్దుకుని, చక్రం కిందకు దూర్చాను. అంతసేపూ ఆమె వేలు తీయలేదు.

"పెట్టినవా?"

"పెట్టిన."

"మంచిగ సూడు. పెట్టినవా?"

"పెట్టిన. తియ్యి చెయ్యి."

ఆమె చెయ్యి తీసింది. వ్యాగన్ కదల్లేదు. తర్వాత గుమ్మం అవతలి కుర్చీ మీది బట్టలు తీసి టేబుల్ మీద వేసి, ఆ కుర్చీ పలక దగ్గరకు లాక్కుని కూర్చుంది. బకెట్ అక్కడే ఉంది, తడిబట్ట అక్కడే ఉంది. క్రిస్మస్ పాక సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పదకొండు కావస్తోంది, ఆమె చాయ్ తాగే వేళ. ఆమె లేవలేదు. నేను మోకాళ్ళు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, చాయ్‌పత్త డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నాను.