సువార్త జేజి పెంచిన శృతి

శత్రువులను క్షమించమని బైబిల్లో ఉంది. సువార్త జేజి బైబిల్లోనూ ఉంది. ఆ మాట కింద ఆమె పెన్సిలుతో గీత కూడా గీసుకుంది. చిక్కల్లా ఒకటే, ఎప్పటిలోగా క్షమించాలో అందులో రాయలేదు.

జేజికి, అంటే ఇంట్లో పిల్లల నాయనమ్మకు, యాభై తొమ్మిదేండ్లు. నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లలకు సరిగమలు, ప్రార్థన గీతాలు. శనివారం పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ పోతుంది. అక్కడొక చిన్న చర్చిలో క్వయిరు పిల్లలకు పాటలు నేర్పి, చెల్లెలింట్లో పడుకొని, ఆదివారం ఆరాధనకు హార్మోనియం వాయించి వస్తుంది.

కూడు పెట్టేది సంగీతమే. ప్రాణం మాత్రం రంగుల్లో ఉంది. బడికి పోయేముందు అరగంట, పిల్లలు పరీక్షలు రాసేటప్పుడు ఒక గంట, పొయ్యి మీద అన్నం పెట్టి మరచిపోయినంతసేపు, ఇట్లా దొరికిన కాలమంతా బొమ్మలకే. ఇంట్లోవాళ్లు మాడిన అన్నం చాలా తిన్నారు. గోళ్లలో ఇరుక్కున్న పెయింటు బడి హార్మోనియం మెట్లకు అంటేది. "సా ఏదిరా?" అంటే పిల్లలు "పచ్చ మరక టీచర్" అనేవాళ్లు. హెడ్మాస్టరు పిలిచి, "మీరు సంగీతం టీచరా, డ్రాయింగ్ టీచరా?" అని అడిగాడు.

"ఒక జీతానికి ఇద్దరం దొరికినాం సార్. సంతోషపడండి" అంది జేజి.

ఇన్ని వేసినా ఒక్క బొమ్మా ఇల్లు దాటలేదు. మంచం కింద, బియ్యం డబ్బా వెనకాల పేరుకున్నాయి. ఒక్కటైనా నలుగురి కంటపడే గోడకు ఎక్కాలని ఆమె కోరిక. అందుకే ఆళ్లగడ్డ చర్చి కోసం పెద్ద ప్లైవుడ్డు పలక మీద మంచి కాపరి బొమ్మ వేసింది. పదకొండు నెలలు పట్టింది. వెనక నల్లమల, కింద కుందూ ఏరు, యేసుప్రభువు భుజాన గొంగడి, చంకలో నల్లమూతి గొర్రెపిల్ల.

సంఘపెద్ద ఎలీషా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్రభువుకు గొంగడి ఏందమ్మా? ఆయనేమన్నా ఉయ్యాలవాడ గొర్లకాపరా?"

"కాపరే గదన్నా. చలికి కప్పుకోడా?"

"సరేలే, ఆడ పెట్టిపో. చూస్తాం."

చూశారు, కోత పండుగనాడు. ఆ పండుగకు ఎవరి పంటలో నుంచి వాళ్లు దేవునికని కొంత తెస్తారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, గంపెడు మిరపకాయలు. ఆరాధన అయినాక అవన్నీ చర్చి ముందర వేలం వేస్తారు. ఆ రోజు పెట్టకోడికీ గుమ్మడికాయకీ నడుమ ఎలీషా జేజి బొమ్మను పైకెత్తాడు. "ఇది టీచరమ్మ కానుక. పలక గట్టిది" అన్నాడు. బొమ్మ గురించి ఒక్క ముక్క లేదు. గుమ్మడికాయ కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు గానీ, బొమ్మకు మోషే ఒక్కడే చెయ్యెత్తాడు. అతని మేకల కొట్టానికి తలుపు లేదు.

జేజి హార్మోనియం పెట్టె మూసి, "మంచిదన్నా" అంది. ఆమె ఆ మాటంటే ఏమిటో ఇంట్లోవాళ్లకు తెలుసు. ఎలీషాకు తెలియదు, పాపం.

ఆయనకున్న మురిపెం ఒకటే. కోత పండుగ కీర్తనలో పల్లవి క్వయిరు పాడుతుంది, నాలుగు చరణాలూ మైకు పట్టుకొని ఆయనే పాడాలి. ముప్పై ఏండ్లుగా అంతే. గొంతు తన మెట్టులో ఉన్నంతసేపు గంభీరంగానే ఉంటుంది. మెట్టు దాటితే ఏమవుతుందో జేజికి బాగా తెలుసు. దర్జీకి జాకెట్టు కొలతలు తెలిసినట్టు ఆమెకు గొంతుల కొలతలు తెలుసు.

ఆ ఏడు చర్చికి కీబోర్డు వచ్చింది. మీట నొక్కితే శృతి మారేదాన్ని వాయిద్యం అంటారా అని మొదట జేజి దాని మొహం చూడలేదు. ఒక శనివారం ఉన్నట్టుండి క్వయిరు పిల్ల షాలినిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ శృతి మార్చే మీట యాడుంది మే?"

"మీరే వద్దంటిరి గదా టీచర్?"

"వద్దన్న నోటితోనే అడుగుతాండా. చూపీ."

"ఇదో. నొక్కినప్పుడల్లా అర శృతి పైకి పోతాది. ఎందుకు టీచర్?"

"ఎలీషా పెద్దాయన్ని దేవునికి ఇంకొంచెం దగ్గరగా పంపిద్దామని."

ఆరు నెలలు పిల్లల చేత అదే కీర్తన, పల్లవి పల్లవికీ శృతి పెంచి పాడించింది. ఎలీషా ఒక్కరోజూ రాలేదు. "ముప్పై ఏండ్లుగా పాడేటోనికి ప్రాక్టీసేందీ?" అన్నాడట. జేజి ఆ మాట విని దేవునికి వందనాలు చెప్పుకుంది.

మరుసటి కోత పండుగ వచ్చింది. మొదటి చరణం హాయిగా సాగింది. పల్లవి దగ్గర జేజి ఎడమచేయి రెండుసార్లు మీట నొక్కింది. రెండో చరణంలో ఎలీషా మెడనరాలు లేచాయి. జలుబేమో అనుకొని గొంతు సవరించుకున్నాడు. మళ్లీ పల్లవి, మళ్లీ రెండు నొక్కులు. మూడో చరణంలో ఆయన గొంతు కొబ్బరికాయలా రెండుగా పగిలింది. వెనక బల్లల్లో పిల్లకాయలు నవ్వారు. ఆయన అరచేత్తో కిందికి, కిందికి అని సైగ చేశాడు. జేజి కళ్లు మూసుకుంది. అంత భక్తిగా ఆమె ఎన్నడూ వాయించలేదు.

ఇంకో రెండు నొక్కులు. క్వయిరు పల్లవిని కప్పుకెగరేసినట్టు పాడి నిలబడింది. నాలుగో చరణం ఎత్తుకోవాల్సినాయన మైకు దించి, కీబోర్డు దగ్గరకొచ్చి వంగాడు. జేజి వాయిస్తూనే ఉంది.

"తగ్గించు సువార్తమ్మా."

"క్వయిరుకు బాగానే ఉందే అన్నా."

"దండం పెడతా. ఏం కావల్ల నీకు?"

"మోషే కొట్టం తలుపు."

ఆయన మైకును అరచేత్తో మూశాడు.

"ఆ గొంగడిదా?"

"గొంగడితోనే. గోడకు. మైకులో చెప్పు, ఆమీద తగ్గిస్తా."

ఎలీషా జనం వైపు చూశాడు. పాడకపోతే ముప్పై ఏండ్ల పేరు పోతుంది. పాడితే ఇంకా తొందరగా పోతుంది. మైకెత్తి, "టీచరమ్మ వేసిన మంచి కాపరి పటం వచ్చే ఆదివారానికి ప్రసంగపీఠం పక్క గోడకు పెడతాం" అన్నాడు. జేజి ఆరు నొక్కులూ దించేసింది. నాలుగో చరణం ఆయన బాగా పాడాడు. ఆ సంగతి ఆమె కూడా ఒప్పుకుంటుంది.

మోషే ఊరికే ఇవ్వలేదు. "మేకలు బయటపడితే నువ్వు కాస్తావా పెద్దాయనా?" అన్నాడు. ఎలీషా వడ్లాయన్ని పిలిపించి కొత్త తలుపు చేయించి పెట్టించాకే పటం వచ్చింది. బొమ్మ కొట్టం లోపలివైపుకు ఉండటంతో మేకలు ఏడాదంతా కొమ్ములు రుద్దీ, నాకీ, ప్రభువును మోకాళ్ల కింద తుడిచేశాయి.

ఎలీషా మొహం చిన్నబుచ్చుకొని, "కాళ్లు మళ్లా వెయ్యమ్మా. సగం మనిషి బాగలేదు" అన్నాడు.

"వద్దులేన్నా. అట్లే మేకు కొట్టించు."

ఇప్పుడది ఆయన కుర్చీకి ఎదురుగానే వేలాడుతోంది. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా, "ప్రభువు కాళ్లేమైనాయి టీచర్?" అని అడిగితే జేజి ఎంతో నెమ్మదిగా, "నాకేం తెలుసు నాయనా, వాయించుకునేదాన్ని. పెద్దాయన్ని అడుగు, ఆయన చెప్తాడు" అంటుంది. ఎంతమంది అడిగారో తాను లెక్కపెట్టడం లేదంటుంది. పోయిన ఆదివారానికి పద్నాలుగు మంది.