చీనీకాయలు, డబ్బా బీన్సు

మా వైపు ఒంట్లో బాగలేని మనిషిని చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో పోరు. చీనీకాయల సంచి ఒకటి చేతిలో ఉండాల్సిందే. బత్తాయిలను మేం చీనీకాయలంటాం. కిడ్నీలు చెడిపోయి మా నాయనకు అనంతపురంలో డయాలసిస్ మొదలైనాక, మా ఇంటికి వచ్చిన కాయలతో ఒక తోపుడుబండి పెట్టుకోవచ్చు. చీనీతోట రైతు ఇంటికే చీనీకాయలు మోసుకొచ్చారు మహానుభావులు.

ఆ కాయలే ఆయనకు విషమని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. పండులో ఉండే పొటాషియం మామూలు మనిషికి బలమేనట. నాయన ఒంట్లో మాత్రం అది బయటికి పోయే దారిలేక గుండెను ఆపేయవచ్చన్నాడు. కూరగాయలైనా ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. కువైట్‌లో వంటపని చేసే మా చిన్నమ్మ సెలవుకు వస్తూ తెచ్చిన బీన్సు డబ్బాలు చూపిస్తే, నీళ్లు వంచేసి, ఉప్పు పోయేలా బాగా కడిగి కొంచెం పెట్టమన్నాడు. చిన్నప్పటి నుంచి బడిలో చదివిందంతా తలకిందులైంది. అప్పుడే కోసిన పండు వద్దట, ఎప్పుడో మూత బిగించిన డబ్బా పరవాలేదట. నాకు ఒళ్లు మండింది.

అమ్మకైతే ఆ మాట తలకెక్కనే లేదు. "అది చచ్చిన కూరాకు. సత్తువ యాడుంటాది దాంట్లో?" అని చిన్నమ్మ మీద విసుక్కుంది. అయినా కడిగి, ఉడకబెట్టి, నీళ్లు పిండేసి, ఉప్పు లేకుండా పెట్టేది. నాయన గడ్డి నమిలినట్టు నమిలేవాడు. ఒక డయాలసిస్ నుంచి ఇంకో డయాలసిస్ దాకా ఆయన గుండె కొట్టుకుంటూ ఉంటే చాలు, మేం కోరుకున్నది అంతే.

ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. ట్యాంకరుతో నీళ్లు తోలినా తోట నిలవలేదు. చివరికి ఒక్క చెట్టుకు నాలుగు కాయలు మిగిలాయి. నేను కళ్యాణదుర్గంలో పనికి పోయిన పూట నాయన వాటిని తెంపుకొచ్చి అమ్మ ఒళ్లో వేశాడట. తర్వాత అమ్మే చెప్పింది.

"రసం పిండు."

"డాక్టరు వద్దని చెప్పినాడు కదా."

"ఊళ్లోవాళ్లు తెచ్చిన కాయ ఒక్కటన్నా ముట్టినానా? ఇది నేను నీళ్లు పోసి సాకిన చెట్టు. నా చెట్టు నన్ను చంపుతాదా?"

అమ్మ పిండింది. చిక్కిపోయిన మనిషికి కాస్త బలం వస్తుందని నిండు గ్లాసు ఇచ్చింది.

మరుసటి రోజు డయాలసిస్‌కు బస్సెక్కాలని చెప్పులు వేసుకుంటూ నాయన అరుగు మీదే ఒరిగిపోయాడు. రసం వల్లేనని కచ్చితంగా చెప్పలేమన్నాడు డాక్టరు. అమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. నాకు మాత్రం సంచులు మోసుకొచ్చిన ప్రతి ఒక్కరి మీదా కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

పెద్ద దినం నాడు, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు మా ఇళ్లలో. చుట్టాలు మళ్లీ చీనీకాయలే తెచ్చారు. అమ్మ వాటిని పక్కకు నెట్టి, అటక మీద మిగిలిన డబ్బా దించింది. నీళ్లు వంచింది, కడిగింది, ఉడకబెట్టి పిండింది. ఉప్పు వేయలేదు.

"ఏం వదినా, అన్నకు చీనీకాయంటే ప్రాణం కదా. ఒకటన్నా పెట్టు," అంది మా మేనత్త.

అమ్మ తలెత్తకుండా బీన్సు విస్తరిలో సర్దింది.

"డాక్టరు వద్దని చెప్పినాడు," అంది.