పుట్టువెంట్రుకలు తీయించిన ఆదివారం

మా పాపకు మూడో ఏడు వచ్చింది. ఈ ఏడు దాటితే పుట్టువెంట్రుకలు మళ్లీ ఎప్పుడో. వెళితే వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుని తిరిగి రాలేమన్న భయంతో ఇండియా వెళ్లలేదు. ఇక్కడే అమెరికాలో, చాండ్లర్‌లోని మా పెరట్లోనే తీయిద్దామని మా ఆయన ఒక బార్బర్‌ను మాట్లాడారు.

డేకేర్‌లో పాపకు రోజూ జడలు వేసే పెద్దావిడ ఈ దేశపు ఆదివాసీ. వాళ్ల ఊరు మాకు అరగంట దూరం. ఆవిడతో సంబరంగా చెప్పాను, ఆదివారం పాపకు గుండు చేయిస్తున్నామని.

అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఎవరు పోయారు?" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

"అయ్యో, ఎవరూ పోలేదు. మొక్కు," అన్నాను కంగారుగా.

వాళ్లలో ఇంట్లో మనిషి పోతేనే జుట్టు కోసుకుంటారట. వాళ్లమ్మను చిన్నప్పుడే ప్రభుత్వం హాస్టలు బడికి పట్టుకుపోయింది. ఆదివాసీ పిల్లలను తెల్లవాళ్లలా మార్చడానికి నడిపిన బడి అది. వెళ్లిన రోజే జడ కోసేశారు. ఎందుకని తన భాషలో అడిగితే కొట్టారు. ఇంటి దగ్గర తల్లి చనిపోయిందనుకుని ఏడాదంతా ఏడ్చింది ఆ పిల్ల.

"సెలవులకు పంపిస్తే, గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. దెయ్యమనుకుని దగ్గరికే వెళ్లలేదట," అంది ఆవిడ. "మా అమ్మ మాకు ఆ భాష నేర్పలేదు. మేమూ దెబ్బలు తింటామని. మొన్నామధ్య ప్రెసిడెంటే మా దగ్గరికొచ్చి ఆ బడుల విషయంలో క్షమాపణ చెప్పాడు. వెళ్లి విన్నాను. అమ్మ ఉంటే బాగుండేది." మళ్లీ జడ అందుకుంది. "పాపకి చెప్పావా?"

చెప్పలేదు. మూడేళ్ల పిల్లకు ఏం చెబుతామనుకున్నాను.

"చెప్పు. ఎవరూ పోలేదని చెప్పు."

ఆ వారమంతా స్నానం చేయిస్తూ చెప్పాను. జుట్టు దేవుడికి ఇస్తున్నాం, మళ్లీ వస్తుంది, అందరం ఉంటాం అని. "మామ కూడానా?" అనేది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవలసింది మేనమామే. మా తమ్ముడికి వీసా రాలేదు.

"ఒడి వీడియో కాల్‌లో ఎలా పట్టాలే అక్కా?" అని నవ్వాడు వాడు. తరవాత, ఎన్నింటికి మొదలుపెడతారని అడిగాడు.

ఆదివారం పాప వాళ్ల నాన్న ఒళ్లో కూర్చుంది. కత్తి తగలగానే బిక్కమొహం వేసి నా వేలు పట్టుకుంది.

"అమ్మా, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను బంగారం."

"మామ ఉన్నాడా?"

ఫోన్ తిప్పి చూపించాను. హైదరాబాద్‌లో వాడు పంచె కట్టుకుని, మఠం వేసుకుని, ఒళ్లో కొత్త తువ్వాలు పరుచుకుని ఉన్నాడు. గుండు పూర్తయ్యే వరకు కదలకుండా అలాగే కూర్చున్నాడు.