రూతమ్మ గారి పదకొండు పాటలు

పోయిన ఆదివారం చర్చిలో కొత్త ఆరాధన పాటల పుస్తకం చేతికిచ్చారు. మా సంఘం కుర్రాళ్ళు గిటార్లతో రికార్డు చేసిన ఆల్బమ్ పాటలట, అందరూ నేర్చుకోవాలట. తెరవగానే పచ్చి సిరా వాసన గుప్పుమంది, చటుక్కున మూసేశాను. మంచినీళ్ళు కావాలా అని అడిగింది కోడలు. అక్కర్లేదన్నాను. ఏభై ఏళ్ళు దాటినా ఆ వాసనంటే నాకు భయమే.

అరవైల చివర్లో ఆమదాలవలస దగ్గరి పల్లెలో మిషన్ బడి టీచర్ని నేను. ఇరవై రెండేళ్ళు, లోకంలో తెలివంతా నాదేననుకునే వయసు. మా మందిరంలో పాట ఎత్తేది రూతమ్మ గారు. ఊడ్పులకు కూలికెళ్ళే మనిషి, అక్షరం ముక్క రాదు. ఊడ్పుల పాటల వరసల్లోనే ప్రభువు మీద కొత్త పాటలు కట్టేవారు. ఆవిడ ఒక్కో చరణం పాడితే జనం అందుకుని తిరిగి పాడేవారు. క్లాసులో నోరు పెగలని నాకు గొంతిచ్చింది ఆవిడే. "పీకతో కాదమ్మా, కడుపులోంచి తియ్యాల. బయమేస్తే ఇంకా గట్టిగా తియ్యాల" అనేవారు.

ఆ పాటలు పుస్తకంగా వెయ్యాలన్న బుద్ధి నాకే పుట్టింది.

"కాయితం ఎందుకమ్మా? అందరి నోళ్ళల్లోనూ ఉన్నాయి గదా, సాలదేటి?" అన్నారావిడ. నేను వింటేగా. పదకొండు పాటలూ స్టెన్సిల్ మీద నా చేత్తో గీసి, పరీక్ష పేపర్లు తీసే బడి సైక్లోస్టైల్ మీదే నలభై ప్రతులు తీసి, సిరా వాసన పోకముందే మందిరంలో పంచాను. అప్పటికే కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలయ్యాయి. సైక్లోస్టైల్ కాగితం ఎక్కడ దొరికినా వాళ్ళ కరపత్రమేనని పోలీసులు మనుషుల్ని ఎత్తుకెళ్తున్నారు. ఆ సంగతి నాకు తెలుసు. దేవుడి పాటలకేం భయంలే అనుకున్నాను.

ఆదివారం ఉదయం రెండో పాట మధ్యలో బయట జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు బూట్లతోనే లోపలికొచ్చి ఒక ప్రతి లాక్కుని చూశాడు. "ఎవరు రాశారివి?"

రూతమ్మ గారు లేచారు. "నాను బాబూ. పాటా నాదే, రాతా నాదే."

"అయితే నీ పేరు రాయి" అని ఆయన పెన్సిలు అందించాడు. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. కానిస్టేబుల్ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "రాసిందెవరో చెప్పు."

"సెప్పను బాబూ."

నేను చాప మీద తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ నా వైపు ఒక్కసారైనా చూడలేదు. జీపెక్కించి శ్రీకాకుళం తీసుకుపోయారు.

మూడో రోజు బస్సు దిగి కుంటుకుంటూ వచ్చారు. పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఆవిణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టి వేడినీళ్ళతో కాపడం పెడుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"బయమేసిందేటమ్మా?" అన్నారు.

తలూపాను.

"నాకూ ఏసినాది. నువ్వెక్కడ లేసి నానే రాసానంటావోనని, ఆ పెన్సిలట్టుకున్నంతసేపూ గుండె దడదడలాడిపోనాది" అన్నారు.

అలా లేవాలన్న ఆలోచనే నాకు రాలేదని ఆవిడకు చెప్పలేకపోయాను. ఆవిడ పోయేదాకా చెప్పలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను ధైర్యం గల మనిషంటే, కాదని చెప్పడానికి నోరు రాదు.