పైగేరి నీళ్లు, అసెంబ్లీ ప్రశ్న

మా ఆఫీసులో కలెక్టరొస్తాడంటే కూడా అంత హడావుడి ఉండదు. అసెంబ్లీ ప్రశ్న వచ్చిందంటే మాత్రం ఎవరి టీ వాళ్ల ముందర చల్లారిపోవాల్సిందే.

నేను కోసిగి పక్క పల్లెల్లో తాగునీళ్ల పనులు చూసే ఇంజనీరును. పుట్టి పెరిగింది కడప పక్క. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఊరంతా చెప్పి పెట్టింది. అందులో అబద్ధం ఏమీ లేదు.

అసెంబ్లీ ప్రశ్న అంటే ఏమిటో చెప్తా. ఎమ్మెల్యే ఒకాయన కాగితం మీద రాసిస్తాడు: ఫలానా మండలంలో నీళ్ల పనికి డబ్బు ఖర్చు పెట్టినారా, పని పూర్తయిందా, కాకపోతే ఎందుకు కాలేదు అని. ఆ ప్రశ్న మంత్రి దగ్గర మొదలై, పెద్దసార్ల చేతులు మారి మారి, చివరికి నా ఫోనులో వచ్చి పడుతుంది, పైన ఎర్రగా 'అర్జెంట్' అని. నేను జవాబు రాస్తే అది మళ్లీ వచ్చిన దారినే పైకి పోయి మంత్రి నోట్లోంచి సభలో వినిపిస్తుంది. ఈ ఎండలో, ఈ దుమ్ములో కూర్చొని నేను రాసిన మాట మంత్రి చదువుతాడా అని మొదట్లో గర్వంగానే ఉండేది.

జవాబుకు ఒక పద్ధతి ఉంది. మొదటి ముక్కకు 'అవునండీ'. రెండో ముక్కకు 'పని పూర్తయింది'. మూడో ముక్కకు 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు'. పూర్తయిపోయిందని రాసినాక ఎందుకు కాలేదు అనే మాటకు చోటు యాడుంది? మా సార్లకు ఆ మూడో వాక్యమంటే ప్రాణం. అది రాస్తే ఆ రోజుకు నిశ్చింత.

ఆ ఏడు వచ్చిన ప్రశ్న నేను కాపురమున్న ఊరి గురించే. ఆ ఊళ్లో ఒక అవ్వ ఇంటి ముందు గదిలో అద్దెకుండేదాన్ని. అవ్వ నాకేమీ కాదు. కానీ నేను క్యాంపు నుంచి వచ్చేసరికి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి మూతేసి పెట్టేది. తినకపోతే తిట్టేది. తిన్నాక కూడా, కొంచెమే తిన్నావని తిట్టేది. మా ఇద్దరి నోళ్లకూ సరిగ్గా సరిపోయింది.

అవ్వ కొడుకు, కోడలు ప్రతి ఏడూ సుగ్గికి పోతారు. ఈ పక్క వానల్లేక చేతికి పని దొరకదు కాబట్టి ఊరికి ఊరే లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతుంది. ఆ పోవడాన్నే సుగ్గి అంటారు. అవ్వ ప్రతి ఏడూ ఇల్లు చూసుకుంటా ఊర్లోనే నిలిచిపోయేది. ఆ ఏడు మాత్రం మోకాళ్లు మొరాయించినాయి. బోరింగు కిందగేరిలో ఉంది, అవ్వ ఇల్లు పైగేరిలో. ఈ పక్క వీధినే గేరి అంటారు. కోడలు లారీ ఎక్కితే బిందె మోసేవాళ్లు లేరు. ఇంటి ముందర కొత్త కొళాయి మెరుస్తానే ఉంది, చుక్క రాదు.

"నువ్వూ మాతో రా అమ్మా" అన్నాడు కొడుకు.

"ఆ గుడారాల్లో ఎట్ల పండుకోవాల్రా? ఆ మిరప ఘాటుకు నాకు దగ్గు నిలబడదు. నేను ఈడనే సస్తా గానీ రాను" అని అవ్వ ఏడ్చింది. అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే.

నేను నీళ్లు మోసి పెడతా అన్నా. అంతే, కళ్లు తుడుచుకొని నామీదికి లేచింది. "ఇంజనీరమ్మతో నీళ్లు మోయించుకుంటాండాదని గేరిలో అందరూ నా మొకాన ఉమ్మెయ్యాల్నా?" అంది. అయినా నేను వారంలో సగం రోజులు క్యాంపులోనే ఉంటా, ఏం మోస్తాను? చివరికి అవ్వ మూట కట్టుకుంది. ఎల్లుండి పొద్దున లారీ.

కొళాయి పని నేను ఆ ఊరికి రాకముందే అయిపోయింది. పైగేరికి నీళ్లెందుకు రావని నేనడిగినప్పుడు "ఎత్తు కదమ్మా, ప్రెజర్ చాలదు" అన్నారు. ఎత్తు కళ్లకు కనిపిస్తానే ఉంది. ఇంకేమంటాం?

సరిగ్గా ఆ మధ్యాహ్నం ప్రశ్న వచ్చింది. వెనకాలే నా పై అధికారి, డీఈ సారు ఫోను. "ఏమ్మా, నువ్వుండే ఊరే. పూర్తయిందని రాసి పంపించు, ఇప్పుడే."

"సార్, పైగేరికి చుక్క రాదు."

"పైపు వేసినామా లేదా? కొళాయి పెట్టినామా లేదా? అంటే పూర్తయినట్టే కదా!"

"కొళాయి పెట్టింది పూజ చేసుకునేదానికా సార్?" అనేసినా. అనకూడదు. నోరు జారింది.

సారు చెడ్డ మనిషి కాదు. షుగరు, రిటైర్‌మెంటు రెండూ దగ్గర పెట్టుకొని బిక్కుబిక్కుమంటా బతికే మనిషి. అందుకే బతిమాలినా. "రేపు మధ్యాహ్నం దాకా టైమియ్యండి సార్. పూర్తి చేసి, పూర్తయిందని రాస్తా."  "మధ్యాహ్నం దాకే" అని పెట్టేసినాడు.

పైపు పోయిన దారినే నడుచుకుంటా పోయినా. రెండు గేరులూ చీలేచోట సిమెంటు తొట్టి ఒకటుంది, పైన బండంత మూత. నీళ్లు ఏ వీధికి వదలాలో తిప్పే వాల్వు అందులో ఉండాలి. ఆ మూత మీద నలుగురు తాతలు పులిజూదం ఆడుతున్నారు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో గళ్లు గీసుకున్నారంట. అప్పట్నుంచి అది వాళ్ల సొంత అరుగు.

"తాతా, లేయండి. మూత తీయాల."

"ఆట మధ్యలో ఉండాదమ్మా. నా పులి కట్టుబడింది. రేపు రాపో."

"రేపంటే కుదరదు. అసెంబ్లీలో అడుగుతాండారు."

"దీన్ని గురించా?" అని ఒక తాత మూతను తడిమి చూసుకున్నాడు. "మేమేం చేసినామమ్మా, ఊరికే ఆడుకుంటాండాం!" నలుగురూ గబగబా లేచినారు, పులులు, మేకలు పంచెలో మూట కట్టుకొని.

ఊళ్లో రోజూ నీళ్లు వదిలే మనిషిని పిలిపిస్తే గునపమేసి మూత లేపినాడు. లోపల వాల్వు లేదు. పైపు నేరుగా పోతా ఉంది, అంతే. నీళ్లన్నీ పల్లానికి, కిందగేరికే పారిపోతాండాయి. పైగేరికి ఎక్కాలంటే కిందదాన్ని కాసేపు కట్టాల, కట్టేదానికి వాల్వే లేదు. తొట్టి కట్టినారు, మూత పెట్టినారు, బిల్లు తీసుకున్నారు. మూత మీద తాతలు కూర్చున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ లేపి చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తాతలు మాత్రం పడీ పడీ నవ్వినారు, దగ్గొచ్చేదాకా.

కంట్రాక్టరుకు ఫోను చేసినా. "ఏమప్పా, వాల్వు యాడ?"

"మావాళ్లు మరిచిపోయినారేమో మేడమ్. వచ్చే నెల చూద్దాం."

"సరే అట్లే. వచ్చే నెల దాకా మంత్రిగారిని సభలో నిలబడమని చెప్తా."

"వద్దొద్దు మేడమ్, ఇప్పుడే పంపిస్తా" అన్నాడు. పొద్దు గూకకముందే ఆదోని నుంచి బండి మీద వాల్వూ వచ్చింది, ఫిట్టరూ వచ్చినాడు. వాళ్లను చూసి కిందగేరి ఆడోళ్లు చుట్టుకున్నారు. "మా నీళ్లు కోసేస్తారా?" అని ఒకటే గొడవ. పొద్దున మీకు, మీరు పట్టుకున్నాక పైగేరికి అని గొంతు పోయేదాకా చెప్పినా. చివరికి వాళ్లలోనే ఒకామె "పోనీలేండమ్మా, పైగేరోళ్లు మాత్రం మనుషులు కాదా" అంది. అందరూ చల్లబడినారు.

మర్నాడు పొద్దున కిందగేరోళ్లు పట్టుకున్నాక వాల్వు బిగించి కిందగేరిని కట్టేసినారు. నేను పరుగున అవ్వ కొళాయి దగ్గరికి వచ్చినా. మొదట గాలి బుస్సుమంది. తర్వాత ఎర్ర బురద చిమ్మింది.  ఆ వెనకాలే తెల్లగా, లావుగా దూకినాయి నీళ్లు. అవ్వ బిందె పెట్టడం మరిచిపోయి చూస్తా నిలబడింది. "పట్టుకో అవ్వా!" అని అరిచినా. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది. నా ఉద్యోగంలో అంత సంతోషం మళ్లీ ఎప్పుడూ పడలేదు.

మధ్యాహ్నంలోగా జవాబు పంపినా. పని పూర్తయింది. ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. కింద అవ్వ బిందె పట్టుకున్న ఫోటో. సారు ఫోను చేసి ఏమీ తిట్టకుండా "ఆ పెద్దామెకు నా నమస్కారం చెప్పమ్మా" అన్నాడు.

సభలో ఆ ప్రశ్న ఏమైందంటే, ఏమీ కాలేదు. ఆ రోజు వాళ్లూ వీళ్లూ అరుచుకొని సభ వాయిదా పడింది. మా జవాబు చదివినట్టుగా అనుకొని బల్ల మీద పెట్టేసినారంట. అవ్వకు చెప్తే ముక్కు మీద వేలేసుకుంది. "అడక్కుండానే ఇన్ని నీళ్లొచ్చినాయా? గట్టిగా అడిగింటే ఇల్లు కొట్టుకుపోయేది" అంది.

లారీ రోజు సంగతి చెప్పాలి. తెల్లారుతానే లారీ వచ్చింది. కొడుకు అప్పటికే అవ్వ మూట పైకి ఎక్కించేసినాడు.

"నా మూట దించుండ్రా!" అని అవ్వ గేరంతా వినపడేట్టు అరిచింది.

"నీళ్లు మళ్లీ ఆగిపోతే ఏం చేస్తావమ్మా?"

"ఆగిపోతే ఇంజనీరమ్మ ఉండాది. ఆయమ్మకు నోరుండాది."

లారీలో అందరూ నవ్వినారు. మూట దిగింది. లారీ ఎక్కేవాళ్ల కోసం ఆ ఒక్క పొద్దు ముందు పైగేరికే నీళ్లు వదలమని చెప్పింటి. కోడలు గబగబా దిగి మా కొళాయిలో సీసాలన్నీ నింపుకుంది. పక్కింటోళ్లూ నింపుకున్నారు. అవ్వ మహారాణి లెక్క కొళాయి తిప్పుతా నిలబడింది.

అందరూ ఎక్కినాక కొడుకు నా దగ్గరికి వచ్చి చేతులు జోడించినాడు. "మేడమ్, మా అమ్మ నీళ్ల కోసం ఎవురో అడిగినారు, వచ్చినాయి. మాకు ఈడ పని ఎందుకు ల్యాదో అది కూడా అడిగించండి మేడమ్. పనుంటే ఇప్పుడే దిగిపోతాం." ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు, నా మొకంలోకే చూస్తా.

కొళాయి కింద మిగిలిపోయిన సీసా ఒకటి తీసి అతని చేతికిచ్చినా. లారీ కదిలింది. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకొని, మలుపు తిరిగేదాకా చూస్తానే నిలబడింది. తర్వాత ఎన్నో ప్రశ్నలొచ్చినాయి నా ఫోనుకు, పైపుల మీద, ట్యాంకుల మీద, ఖర్చుల మీద. అతను అడిగింది మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.