స్పోర్ట్స్ కారుకు లారీ లైనర్లు

ఆ దినాల్ల మా సూర్యాపేటల బండి ఉరికిచ్చుడు అందరికి వస్తుండె, ఆపుడే ఎవ్వనికీ రాకపోతుండె. హైవే మీది ఊరాయె, బ్రేకులు పోయిన బండి మా షెడ్డుకు రాని రోజు లేదు. ఆ షెడ్డు మా మేనమామది. ఊరంత ఆయనను మేస్త్రి అంటుండె. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి (మూడోసారి రాయలే, కాబట్టి తప్పలే) ఆయన కాడ పనిల చేరిన. ఇరవయ్యేండ్లుంటయి. నాకున్నంత తెలివి జిల్లాల ఇంకెవ్వనికి లేదనుకునే వయసు.

మా నాయనకు ఆ తెలివి మీద నమ్మకం లేకుండె. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల గుమస్తా కొలువు మాట్లాడి పెట్టిండు. అదే వారం మిర్యాలగూడల కార్ల రేసని తెలిసింది. మేము పోతున్నమని వినంగనే నాయన, "గెలిస్తె షెడ్డుల ఉండు. లేకుంటె సోమారం పొద్దుగాల మేళ్లచెరువు బస్సెక్కు" అన్నడు. పొద్దంత కుర్చీల కూసొని గేటు కాడ లారీ నంబర్లు రాసుడట. గ్రీజు వాసన లేని బతుకూ ఒక బతుకేనా అని తిండి మానేసిన (ఒక్క పూట. మాపటికి అమ్మ కోడిగుడ్డు పొరటు చేసింది).

రేసు పెట్టింది ఒక రైస్‌మిల్లు సేటు కొడుకు. బెంగుళూరుల సదివి వచ్చి, రూల్సు టైపు కొట్టిచ్చి పంచిండు. ఇంజను ముట్టొద్దు. టైర్లు కంపెనీ సైజే ఉండాలె. బ్రేకు డ్రమ్ములు కారుతోని వచ్చినయే ఉండాలె. లైనర్లు మాత్రం, అంటే డ్రమ్ముల రాసుకొని చక్రాన్ని ఆపే పట్టీలు, ఎవరిష్టం వాళ్లది. ఆ ఆఖరి లైను సదివి నేను ఎగిరి గంతేసిన. అందరు కారు లైనర్లే ఏస్తరు గదా, మనం లారీ లైనర్లు ఏస్తె? పది టన్నుల లారీని ఆపేది మా డబ్బాను ఆపదా?

మా డబ్బా సంగతి గూడ చెప్పాలె. పుట్టుకతోని అది మామూలు కారే. గడ్డి లారీ గుద్ది టాపు నుజ్జయితే మామ దాన్ని కోసి అవతల పారేసి, మిగిలినదానికి ఎర్ర రంగు కొట్టిండు. ఆ రోజు నుంచి అది స్పోర్ట్స్ కారు. వానొస్తె గొడుగు పట్టుకోని నడిపేటోళ్లం.

మామ త్రిపురారంల పెండ్లికి పోయిన రోజు సూసి పని మొదలువెట్టిన. లారీ లైనరు కోసి, రాయి మీద అరగదీసి, రివిట్లు కొట్టి బిగించిన. హైవే ఎక్కి బ్రేకు తొక్కితే కాలు ఉత్తగ కిందికి పోయింది. ఆగలే. నాలుగైదు సార్లు తొక్కి తొక్కి, కాలిన వాసన వచ్చినంక మళ్ల తొక్కితే, ముక్కు పోయి స్టీరింగుకు తగిలింది. అప్పుడు తెలిసింది, అవి కాగితేనే చక్రాన్ని పడ్తయి, సల్లగుంటె పట్టయి. ఆ ముచ్చట మామకు చెప్పలే. రేసుకు ముందు కాగబెట్టుకుంటె సరిపాయె అనుకున్న.

రేసు రోజు మామతోని నాయన గూడ వచ్చిండు. మిల్లుల వడ్లు ఎండబోసే గచ్చు మీద నలుగురం దిగినం. అందుట్ల ఒకరు మా కోదాడ బావ, అక్క మొగడు. "ఏంటి బామ్మర్దీ, మేస్త్రి బ్రేకులంట, కారు ఆగుతుందా లేక అడిగి ఆపుకోవాలా?" అని సతాయించిండు. నేను బ్రేకు తొక్కిపట్టుకొనే మిల్లు సుట్టు ఐదు రౌండ్లు కొట్టి, గమగమ కాలిన వాసనతోని వచ్చి గీత కాడ నిలవడ్డ.

అప్పుడొచ్చిండు ముఖ్య అతిథి. కార్లకు దండలేసిండ్రు, కొబ్బరికాయలు కొట్టిండ్రు, మైకు ఇచ్చిండ్రు. ఆయన రేసు గురించి ఒక్క ముక్క అనలే. సాగర్ నీళ్లు, వడ్ల ధర, మిల్లుల కరెంటు, ఇగ ఖతం లేదు. నా డ్రమ్ము ముట్టుకుంటె గోరువెచ్చగుంది. ఒక్క రౌండు కొట్టొస్తనని సేటు కొడుకును బతిలాడిన. గీత కాడికి వచ్చినంక కారు కదలొద్దని కాగితం సూపిచ్చిండు. మళ్ల ముట్టుకున్న. సల్లగ, కుండల నీళ్లున్నట్టుంది.

జెండ ఊపంగనే అందరికంటే ముందు నేనే ఉరికిన. మలుపొచ్చింది. తొక్కిన. మలుపు పోయింది. ఎదురుంగ తాటిచెట్టంత ఊక కుప్ప. నాకు భయమెయ్యలే, మస్తు మజా అనిపిచ్చింది (సిగ్గువడాలె గని ఇప్పటికీ పడ). కారు ముక్కు నుంచి తోక దాక ఊకల దిగింది. నేను నవ్వుకుంట, నోట్లెకెల్లి పొట్టు ఉమ్ముకుంట బయటికొచ్చిన. అప్పటికి కోదాడ బావ గెలిచి, మెడల దండ ఏసుకుంటున్నడు.

నవ్వు ఆగిపోయింది ఆ తర్వాతనే. జనం నా దిక్కు సూస్తలేరు, మామ దిక్కు సూస్తున్నరు. మేస్త్రి చేసిన బ్రేకులు గింతేనా అని ఎవడో అన్నడు. పొద్దుగాల అందరి ముంగట చక్రాల నట్లు బిగించింది గూడ మామనే. ఇరవై ఏండ్ల పేరు. ఆయన తల వంచుకొని తువ్వాలతోని చేతులు తుడుసుకుంటున్నడు. నేను ఊకుంటె నా తప్పు ఎవ్వనికి తెల్వదు. నాయన గూడ మామనే తిట్టి ఊకుంటడు.

"బ్రేకులు నేనే మార్చిన. లారీయి ఏసిన. మామకు తెల్వదు" అన్న.

మామ కారును ఎనుకకు గుంజిపిచ్చి, డ్రమ్ము మీది ఊక దులిపి, లోపటికి తొంగి సూసిండు. "లారీ ఘాటు రోడ్డు దిగంగ వేడెక్కితది, అప్పుడు పడ్తదిరా ఈ లైనరు. నువ్వు దిగిన ఘాటేది?" అన్నడు. అందరు నవ్విండ్రు, నేను తప్ప. నాయన నా జబ్బ పట్టుకున్నడు, ఇగ సోమారం బస్సే అని. అప్పుడు మామ అన్నడు: "ఇడ్సిపెట్టు బావా. చేసిన తప్పు నలుగుట్ల ఒప్పుకునే గుణం గుమస్తాకు లేకున్నా నడుస్తది. బ్రేకులు చేసేటోనికి లేకుంటె మంది సస్తరు." నాయన చేయి వదిలిండు. సోమారం మేళ్లచెరువు బస్సు పోయింది, నేను పోలే. నెల రోజులు మామ నాతోని కారులకెల్లి ఊక ఏరిచ్చిండు, అది ఏరే కథ.

ఇప్పుడు షెడ్డు నాది. మా కారుకు నాలుగు చక్రాలకు డిస్కు బ్రేకులే. అయినా కోదాడ పోతుంటె, మునగాల కాడ స్పీడ్‌బ్రేకరు కనవడంగనే ఫర్లాంగు దూరం నుంచే నా కాలు బ్రేకు మీదికి పోతది. దిగి నడిస్తె జల్ది పోతమని మా ఆమె గునుగుతది. ఊక కుప్పల నుంచి నవ్వుకుంట లేసొచ్చిన ఆ పోరడు యాదికొస్తె గుండె జర కలుక్కుమంటది. మస్తు మంచోడు. కాని వాడు బ్రేకులు చేసిన బండి మాత్రం నేను ఈ జన్మల ఎక్క.